నలభై నాలుగింటిలో ముప్పై ఒకటి

మంగళవారం మధ్యాహ్నం టానిస్ ఫేర్ మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో ఒక పెద్ద కవరు ఉంది. అందులో ఆమె భర్త డెల్మర్ తలకు తీసిన స్కాన్ ఉంది. నేను వైద్యుణ్ణి కాను; ఆర్వాల్డ్ ఉన్నత పాఠశాలలో ముప్పై మూడేళ్లు భౌతికశాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి. ఆ బొమ్మను కిటికీ వెలుతురులో ఎంతసేపు పట్టుకుని చూసినా నాకు తెలిసేదేమీ లేదని ఆమెకూ తెలుసు. నాకు చూపించడం కోసం కాదు, నేను మాట దాటవేయకుండా ఉండడం కోసం దాన్ని తెచ్చింది.

సాస్కటూన్ నగరంలోని డాక్టరు చెప్పినది సూటిగానే ఉంది. తలకు ఇంకొక గట్టి దెబ్బ తగిలితే డెల్మర్ మనుషులను గుర్తుపట్టగలడో లేదో తాను హామీ ఇవ్వలేనన్నాడు. డెల్మర్‌కు ముప్పై నాలుగేళ్లు. పగలు వెల్డింగు పని, చలికాలమంతా సాయంత్రాలు మంచు మీద హాకీ ఆడే ఊరి జట్టులో ఆట. పదిహేను చలికాలాలుగా ఆడుతున్నా అతను వేసిన గోల్స్ మొత్తం తొమ్మిది. అతని పని గోల్స్ వేయడం కాదు. అవతలి జట్టులో అదే పని మీద ఉన్న మనిషి ఎదురుగా వచ్చి నిలబడినప్పుడు చేతి తొడుగులు మంచు మీద పారేసి, వట్టి పిడికిళ్లతో, ఇద్దరిలో ఒకరు కూలేదాకా కొట్టుకోవడం అతని పని. అది అయ్యాక రిఫరీ ఇద్దరినీ చెరో ఐదు నిమిషాలు పక్కన కూర్చోబెడతాడు. జనం మళ్లీ కూర్చుంటారు. ఆట సాగుతుంది.

ఆదివారం స్టెన్‌విక్ జట్టుతో ఆఖరి పోటీ. అది ఆడి మానేస్తానని డెల్మర్ అన్నాడట.

"డాక్టరు మాట వినడు, నా మాట వినడు. మీ బోర్డు మాట వింటాడు," అంది టానిస్. "పొద్దున కూడా అదే పాట. మాస్టారు లెక్కేసి పెట్టారు కదే, నేను కొట్టుకుంటే మనకి గోల్ పడుద్ది అంటాడు. ఆ బోర్డుని నేను పెళ్లి చేసుకున్నా బాగుండేది, కనీసం గోడ మీద కుదురుగా ఉంటది."

ఆ బోర్డు మంచు హాకీ ఆడే మా ఊరి రింకు ముందుగదిలో, కాఫీ అమ్మే కిటికీ పక్కన, తొమ్మిదేళ్లుగా ఉంది. విరమించిన ఏడాది నేను తయారుచేసినది. డెల్మర్ ఆడిన మొదటి ఆరేళ్ల ఆటల కాగితాల నుంచి లెక్కగట్టి దానిని రాశాను: డెల్మర్ ఫేర్ తలపడిన నలభై నాలుగు సార్లలో ముప్పై ఒక్కసార్లు, ఐదు నిమిషాల లోపల మన గోల్. అందరూ ఊపు అనీ, పౌరుషం అనీ, రక్తం మరగడం అనీ చెప్పుకునే దానికి నేను ఒక అంకె ఇచ్చాను. అది నాకు గర్వంగా ఉండేది. చీలిన కొమ్మ పట్టుకుని నేల కింద నీటి జాడ చెబుతానన్న మనిషిని ఒకసారి బడి మైదానంలో ఇరవై బకెట్లు బోర్లించి, ఒకదాని కింద నీళ్లు దాచి పరీక్షించినవాణ్ణి నేను. ఊరి నమ్మకాలలో నా పరీక్షకు నిలిచినది ఈ ఒక్కటే.

అందుకే టానిస్‌తో కాస్త మర్యాదగా, కాస్త ఎత్తున నిలబడి మాట్లాడాను. నలభై నాలుగు అనేది పెద్ద సంఖ్య కాదనీ, అయినా మొగ్గు స్పష్టంగా ఉందనీ, లెక్క తప్పే అవకాశం తక్కువనీ చెప్పాను.

"ఆ తర్వాతి తొమ్మిదేళ్లూ కూడా కలిపి ఒక్కసారి చూడండి," అంది ఆమె. "తప్పుంటే బాగుణ్ణు అనుకోవడంలో తప్పేం లేదుగా మాస్టారూ."

బుధవారం ఉదయం రింకు కాపలాదారు సామాన్ల గది తెరిచి ఇచ్చాడు. ప్రతి ఆటకూ ఒక పెద్ద కాగితం ఉంటుంది. ఒక పక్క గోల్స్, ఇంకొక పక్క శిక్షలు, ప్రతిదానికీ అది జరిగిన సమయం. మొదటి పెట్టెలో పైన ఉన్న కాగితం పన్నెండేళ్ల కిందటి స్టెన్‌విక్ ఆటది. ఆ ఆట ఊళ్లో ఎవరికైనా గుర్తే. ముగింపు హారను మోగబోతుండగా, ఇక పద్నాలుగు సెకన్లే ఉన్నాయనగా, డెల్మర్ స్టెన్‌విక్ వాళ్ల లైల్ ప్రూడెన్‌తో తలపడ్డాడు. వాళ్లను విడదీస్తుండగానే హారను మోగింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను.

కాగితం మీద ఆ పోరాటం పక్కన ఉన్న సమయం: మూడో భాగం, సున్నా నిమిషాల పద్నాలుగు సెకన్లు.

రాసినవాడు పొరపడ్డాడనుకున్నాను. ఆటకు మూడు భాగాలు, ఒక్కో భాగం ఇరవై నిమిషాలు కాబట్టి అక్కడ పంతొమ్మిది నిమిషాల నలభై ఆరు సెకన్లు అని ఉండాలి. తర్వాత ఆ పంక్తికి పైన ఉన్నవి చూశాను. పదహారు నిమిషాలు, దాని కింద పదకొండు, దాని కింద నాలుగు, అన్నిటికన్నా కింద ఈ పద్నాలుగు సెకన్లు. ఇంకొక కాగితం తీశాను. ఇంకొకటి. ప్రతి పేజీలోనూ సమయాలు పెద్ద సంఖ్యతో మొదలై చిన్న సంఖ్యకు దిగుతున్నాయి.

అక్కడ ఒక చెక్క పెట్టె ఉంటే దాని మీద కూర్చున్నాను.

రింకులో గోడ గడియారం ఇరవై నుంచి సున్నాకు వెనక్కి నడుస్తుంది. అది పసిపిల్లలకు కూడా తెలుసు. కానీ పెద్ద జట్ల ఆటల వివరాలు పత్రికలలో వేసేటప్పుడు, గడిచిన సమయం వేస్తారు. చిన్నప్పటి నుంచి అవి చదివి పెరిగినవాణ్ణి కనుక మా ఊరి కాగితాలు కూడా అలాగే రాసి ఉంటారని నేను అనుకున్నాను. అనుకోవడం కూడా కాదు, వేరే విధంగా ఉండవచ్చన్న ఆలోచనే రాలేదు. వాటిని రాసిన ముసలి హాల్వర్ గోడ మీద కనిపించిన అంకెను కనిపించినట్టే దించుకున్నాడు. అతని ఏడు నిమిషాలంటే ఇంకా ఏడు మిగిలి ఉన్నాయని. నేను చదివింది ఏడు గడిచాయని. అంటే ఆటలోని ప్రతి భాగాన్నీ నేను చివరి నుంచి మొదటికి చదివాను. ముందు జరిగినది వెనక్కి, వెనక జరిగినది ముందుకు వచ్చింది.

ఇంతటి తప్పు కంటికి కనిపించకుండా ఎలా పోయిందని అడగవచ్చు. నేను ఆ కాగితాలను కళ్లతో చూడనే లేదు. నా భార్య ఇర్మా వంటబల్ల దగ్గర కూర్చుని అంకెలు చదివితే, నేను కంప్యూటరులో కొట్టాను. కంప్యూటరు వాటిని చిన్న నుంచి పెద్దకు బుద్ధిగా అమర్చి ఇచ్చింది. ఒక సాయంత్రం ఇర్మా చదవడం ఆపి, ఇవేమిటి, పెద్ద నుంచి చిన్నకి దిగుతున్నాయి అని అడిగింది. ఫర్వాలేదు, అదే సర్దుకుంటుంది, నువ్వు చదువు అన్నాను. ఆమె పోయి ఆరేళ్లయింది. ఆ మాట నాకు ఆ చెక్క పెట్టె మీద కూర్చున్నప్పుడు గుర్తుకు వచ్చింది.

బుధ, గురువారాలు లెక్క మళ్లీ చేశాను. ఈసారి ప్రతి కాగితాన్నీ నా కళ్లతో చూశాను. పాత నలభై నాలుగు పోరాటాలలో ముప్పై ఒక్కసార్లు మన గోల్ ముందు పడింది. ఆ గోల్ పడిన ఐదు నిమిషాలలోపు పోరాటం జరిగింది. పోరాటం తర్వాత ఐదు నిమిషాలలో మన గోల్ పడినవి తొమ్మిది. పోరాటం లేకుండా ఏ ఐదు నిమిషాలు తీసుకున్నా దాదాపు అంతే పడతాయి. డెల్మర్ తలపడిన ఆటలలో జట్టు నూటికి యాభై రెండు గెలిచింది. తలపడని వాటిలో యాభై మూడు. దానిని తేడా అని ఏ నిజాయితీపరుడూ అనడు.

ఇంకొక లెక్క కూడా చేశాను, ఎవరూ అడగనిది. బోర్డు పెట్టక ముందు ఆరేళ్లలో నలభై నాలుగు పోరాటాలు. పెట్టిన తర్వాత తొమ్మిదేళ్లలో తొంభై ఏడు. ఏడాదికి ఏడు చిల్లర నుంచి పదకొండుకు దగ్గరగా. ఆ రెండు అంకెల మధ్య నా బోర్డు ఉంది. ఒకటి ఇంకొకదానికి కారణమని రుజువు చేయలేనని నాకు నేను చెప్పుకున్నాను. ఇన్నేళ్లూ ఇతరులకు చెప్పిన ఆ మాట నాకు నేను చెప్పుకున్నప్పుడు ఎంత బోలుగా ఉందో విని అదిరిపోయాను.

శుక్రవారం జట్టు అధ్యక్షుడు గార్నెట్ దగ్గరకు వెళ్లాను. అతనికి ట్రాక్టర్ల దుకాణం ఉంది. నాకంటే రెండేళ్లు చిన్న. ఇద్దరం ఒకే వీధిలో నలభై ఏళ్లుగా ఇళ్ల ముందు మంచు తోసుకుంటున్నాం. కాగితాలు బల్ల మీద పరిచి, గడియారం సంగతి మొదలుపెట్టి, అన్నీ వరుసగా చెప్పాను. నేను సగంలో ఉండగానే అతను కప్పు కింద పెట్టాడు.

"హాల్వర్ చెప్పాడు," అన్నాడు.

ఎప్పుడని అడిగాను.

"నువ్వు బోర్డు పెట్టిన నెల్లోనే. మాస్టారు గడియారాన్ని తల్లకిందులుగా చదివాడ్రా అని నవ్వి నవ్వి, ఇదిగో ఈ కుర్చీలోనే, కాఫీ ఒళ్లో పోసుకున్నాడు. నీకు చెబుతానన్నాడు. నేనే వద్దన్నా."

గార్నెట్ దుర్మార్గుడు కాడు. ఇర్మా జబ్బు పడ్డప్పుడు వారం వారం కూర పంపినవాడు. అతను తనను తాను సమర్థించుకోలేదు కూడా. లోకం తెలియని మనిషికి ఓపికగా చెప్పే గొంతుతో చెప్పాడు. డెల్మర్ తొడుగులు పారేసినప్పుడే మనిషన్నవాడు లేచి నిలబడతాడట. ఆరు వందల కుర్చీలూ దానివల్లే నిండుతాయట. రింకు పైకప్పు మార్చింది ఆ జనం టిక్కెట్ల డబ్బుతోనేనట.

"మరి గెలుపు?" అన్నాను.

"గెలుపు కోసమని ఎవడనుకున్నాడయ్యా ఎవాల్డూ? ఈ ఊళ్లో అలా అనుకున్నది ఇద్దరే. నువ్వూ, డెల్మరూ."

ఆదివారం దాకా ఈ సంగతి పైకి రానివ్వొద్దని అడిగాడు. నేను కాగితాలు సర్దుకుని బయటకు వచ్చాను. ట్రక్కు తాళం నా చేతిలోనే ఉండగా, దాని కోసం అన్ని జేబులూ రెండుసార్లు వెతుక్కున్నాను.

శనివారం ఉదయం డెల్మర్ పనిచేసే కొట్టులో మేము ఇద్దరమే ఉన్నాం. అతను ముఖం మీది కవచం పైకెత్తి, నాకు ఒక స్టూలు తుడిచి ఇచ్చాడు. బడిలో కూడా అలాగే ఉండేవాడు. లెక్కలలో వెనకబడినా, నల్లబల్ల తుడవడంలో ముందుండేవాడు. నేను తప్పు చేశానని మొదటి వాక్యంలోనే చెప్పాను. గార్నెట్‌కు ఈ సంగతి తొమ్మిదేళ్లుగా తెలుసనీ చెప్పి, కాగితాలు ఇచ్చాను. అతను వేలు పెట్టి ఒక్కొక్క పంక్తే చదివాడు. ఆ వేలి కణుపు ఎప్పుడో విరిగి పక్కకు అతుక్కుంది.

"అయితే గోలే ముందా?"

"ముందే."

"మరి వాళ్లు నా మీదికెందుకొచ్చేవోళ్లు?"

"మనం గోల్ వేశాం కాబట్టి. వాళ్ల మనుషుల్ని లేపుదామని."

"లేచేవోళ్లా?"

లేదన్నాను. ఆ తర్వాత వాళ్లకు కూడా గోల్స్ ఏమీ ఎక్కువగా పడలేదన్నాను. ఏ పక్కకూ తేడా లేదన్నాను.

అతను కాగితాన్ని మడత చెడకుండా నాకు తిరిగి ఇచ్చాడు. "లైల్ ప్రూడెన్ లేడూ, ఆడి దవడ నేనే ఇరగ్గొట్టా. నాలుగు నెల్లు గొట్టంతో సూపు తాగాడు. ఇప్పటికీ క్రిస్మస్‌కి కార్డు పంపుతాడండీ. నేను కూడా పంపుతా. పోన్లే, మనోళ్ల కోసం కదా అనుకునేవోణ్ణి."

తప్పు నాదే అని మళ్లీ అన్నాను. అన్నిటికీ నాదేనని కూడా అన్నాననుకుంటాను.

"అన్నీ మీవెక్కడ మాస్టారూ. బోర్డు లేనప్పుడూ కొట్టుకున్నాగా," అన్నాడు. "కాకపోతే అప్పుడు భయమేసేది. ఆటకి ముందు రోజు తిండి దిగేది కాదు. బోర్డు చూశాక ఆ భయం పోయింది."

రేపు ఏం చేస్తావని నేను అడగలేదు. అతను కవచం దించుకున్నాడు. నేను తలుపు దాటేసరికి వెనక నిప్పురవ్వల చప్పుడు మొదలైంది.

అక్కణ్ణుంచి నేరుగా రింకుకు వెళ్లి, స్క్రూలు విప్పి, బోర్డును ట్రక్కులో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఆదివారం మధ్యాహ్నం ఆటకు వెళ్లేసరికి, అది ఉన్న చోట గోడకు ఒక అట్ట అంటించి ఉంది. దాని మీద ఎవరో లావుపాటి కలంతో అవే మాటలు రాశారు. నలభై నాలుగింటిలో ముప్పై ఒకటి. అంకెలు వాళ్లకు సరిగ్గానే గుర్తున్నాయి. ఎవరు రాశారని కాఫీ కిటికీలో అడిగితే ఆ అమ్మాయి భుజాలెగరేసింది.

డెల్మర్, టానిస్ నాలుగో వరుసలో కూర్చుని ఉన్నారు. అతను మామూలు బట్టల్లో ఉన్నాడు. టానిస్ నన్ను చూసి పక్కన చోటు చేసింది. ముందు వరుసల వాళ్లు వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నారు. ఒకాయన, ఏరా డెల్మర్, ఇవాళ టిక్కెట్టు కొన్నావా లేక మాస్టారు కొనిపెట్టారా అని అడిగాడు. డెల్మర్ నవ్వి ఊరుకున్నాడు.

మొదటి భాగంలో చెరొక గోల్. రెండో భాగంలో స్టెన్‌విక్ వాళ్లు ఇంకో రెండు వేశారు. విరామంలో మంచు సాపుచేసే బండి మైదానం చుట్టూ తిరుగుతుండగా గార్నెట్ మెట్లెక్కి మా దగ్గరకు వచ్చాడు.

"పేరు రాసే పెట్టా," అన్నాడు డెల్మర్‌తో. ఆట మొదలయ్యే ముందు ఇచ్చిన జాబితాలో పేరుంటే, ఆలస్యంగా వచ్చినా ఆడవచ్చు. అది మా లీగు పద్ధతి. "నీ సామానంతా కింద కొక్కేనికి తగిలించి ఉంది. పది నిమిషాలు చాలు."

"ఎందుకు గార్నెట్?" అన్నాడు డెల్మర్.

"ఎందుకేంటి? మూడు ఒకటి."

"దిగితే గెలుస్తామా?"

గార్నెట్ నా వైపు చూశాడు. "ఎవడు చెప్పగలడు?"

"నువ్వు చెప్పగలవంట కదా," అన్నాడు డెల్మర్. "తొమ్మిదేళ్ల నుంచి."

టానిస్ ఆ బండి వైపే చూస్తూ కూర్చుంది. ఆమె చేయి డెల్మర్ కోటు అంచును పట్టుకుని ఉంది. గార్నెట్ ఇంకాసేపు నిలబడి, కొక్కెం అక్కడే ఉంటుందిలే అని చెప్పి దిగిపోయాడు.

మూడో భాగం సగమయ్యాక స్టెన్‌విక్ వాళ్ల భారీ మనిషి ఒకడు మన కుర్ర ఆటగాణ్ణి గోడకేసి నలిపాడు. అవసరం లేని దెబ్బ. కుర్రవాడు మోకాళ్ల మీద పడ్డాడు. లేచే ప్రయత్నం చేసి మళ్లీ పడ్డాడు. ఆ భారీ మనిషి మన జట్టు బల్ల ముందు నుంచి నింపాదిగా జారుతూ, చేయి చెవి దగ్గర పెట్టుకుని, మీవాడెక్కడ అన్నట్టు చూశాడు. అప్పుడు మొదలైంది. ముందు వెనక వరుసల్లో ఎవరో, తర్వాత పక్కన, తర్వాత అన్ని వైపులా, కాళ్లతో చెక్క నేలను తన్నుతూ ఒక్కటే పేరు. డెల్. మర్. డెల్. మర్. కుర్చీలు అదిరాయి. గాజు గోడలు అదిరాయి. ఆరు వందల మంది లేచి నిలబడ్డారు. ఎదురుగా చర్చి పాస్టరుగారు కూడా నిలబడి ఉన్నారు.

డెల్మర్ కదలలేదు. పిడికిళ్లు మోకాళ్ల మీద ఉన్నాయి. కుడిచేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోవు కనుక అది సగం తెరుచుకున్నట్టే ఉంది.

టానిస్ తల తిప్పి చూసింది. అతని వైపు కాదు, నా వైపు. ఆ చూపులో కోపం లేదు, విస్మయం ఉంది. నన్ను అంతకు ముందెన్నడూ చూడనట్టు చూసింది. ఎందుకలా చూస్తోందో నాకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత నా మోకాళ్లు నిటారుగా ఉన్నాయని తెలిసింది. నా పాదం నేలను తన్నుతోందని తెలిసింది. నా నోరు తెరుచుకుని ఉంది. అందులోంచి అతని పేరు వస్తోంది.

రెండు రోజులు కూర్చుని, ఒక్కొక్క కాగితాన్నీ కళ్లతో చూసి, నూటికి యాభై రెండు, యాభై మూడు అని రాసిన మనిషిని నేనే. తలలోపలి బొమ్మను కిటికీ దగ్గర పట్టుకుని చూసిన మనిషిని కూడా నేనే. నాకు తెలియనిదేదీ లేదు. అయినా ఆ అరుపు ఎప్పుడు మొదలుపెట్టానో నేను చెప్పలేను.

డెల్మర్ నా కోటు చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి లాగాడు.

"కూర్చోండి మాస్టారూ," అన్నాడు. "నాకూ అలాగే ఉంది. కూర్చోండి."

కూర్చున్నాను. ముగ్గురం కూర్చునే ఉన్నాం. మా ముందు నిలబడినవాళ్ల వీపుల వల్ల తర్వాతి నాలుగు నిమిషాల ఆట మాకు కనిపించలేదు. మనవాళ్లు ఇంకొక గోల్ వేశారని అరుపులను బట్టి తెలిసింది. చివరికి మూడు రెండుతో ఓడిపోయాం. డెల్మర్ దిగకపోవడం వల్లే ఓడామని ముందుగదిలో అందరూ అనుకుంటున్నారు. ఒక్క ఆట దేనినీ రుజువు చేయదని వాళ్లకు చెప్పబోయాను. మాట పెగలలేదు. నా గొంతు బొంగురుపోయి ఉంది. అది బుధవారం దాకా తగ్గలేదు.